డిస్కు కాదండీ

పక్షవాతంతో మాట పడిపోయిన బస్సు డ్రైవరు భార్య, ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఎదుట కూర్చుంది. భర్తతో మాట్లాడటం ఆమె మానేసి నెలయింది.

“ఎందుకు మానేశారమ్మా?”

“మెదడు కంప్యూటర్ లాంటిది, డిస్కు పాడై మాటలన్నీ చెరిగిపోయాయన్నారు పెద్ద డాక్టరుగారు. ఖాళీ డిస్కుతో ఏం మాట్లాడను?”

“మేమంతా అలాగే చదువుకున్నాం. అందుకే ఏమేం పోయాయో రాసుకుని ఊరుకునేవాళ్లం. ఇప్పుడు నేను మెదడును రోడ్డనుకుంటున్నాను. వంతెన కూలితే మీ ఆయన బస్సు ఆపేసేవారా?”

“ఆయనా? ఎంత చుట్టు తిరిగైనా ఊరు చేర్చేవారు.”

“మాటా అంతే. మామూలుగా రానిది పాటలా పాడిస్తే వస్తోంది.”

“అయితే మెదడు రోడ్డేనంటారా?”

“కాదు. అదేంటో పూర్తిగా ఎవరికీ తెలీదు. కానీ డిస్కనుకుంటే ఇంకో దారి వెతకాలనే తోచదు. వెతికాను కాబట్టే పొద్దున ఆయన నోట ఒక మాట వచ్చింది.”

“ఏ మాట?”

“కిటికీలోంచి మిమ్మల్ని చూసి ‘వచ్చింది’ అని రాగం తీశారు.”

ఆమె లేచి నిలబడింది.

“ఇప్పుడెళ్లి ఏం మాట్లాడనండీ?”

“నెల రోజుల కబుర్లు పేరుకుపోయుంటాయిగా. మొదటి రోజు నుంచి చెప్పండి.”