సైదమ్మ స్టారు కీ

సైదమ్మని మీరు చూసే ఉంటారు, పొద్దున్నే పాలక్యాన్లు కట్టుకుని గేర్ల సైకిలు మీద పోతా ఉంటది, ఆ సైదమ్మే. ఒక్క మాట పడే మనిషి గాదు. ఆ సైకిలు ఆమె కొన్నది గాదులే, టౌన్లో ఆమె పాలుపోసే డాక్టరమ్మ బదిలీ అయ్యి పోతా పోతా, ఇది ఊరికే మూలన పడుంది, తీసుకుపో సైదమ్మా అని ఇచ్చేసిందంట. సరే, ఆ సంగతి అట్టా ఉంచండి. మాది కిందపాలెం, అవతల పైపాలెం. కాలవ వచ్చి తూము కాడ రెండుగా చీలుద్ది, ఒకటి వాళ్ళకి, ఒకటి మాకు. కాలవ వదిలిన రోజున మొదటి తడి ఎవరికనేది ఎప్పుడూ తగువే. వెనకటికి పారలెత్తుకుని తలకాయలు పగలగొట్టుకునేవాళ్ళంట. అప్పుడు పెద్దోళ్ళు కూర్చుని ఏం తీర్మానం చేశారంటే, రక్తం కారేది వద్దు నాయనా, ఊరికొకరు సైకిలెక్కండి, రైసుమిల్లు కాడ మొదలెట్టి కట్టమీద తొక్కుకుంటా పోయి తూముని ఎవరు ముందు తాకితే వాళ్ళకే మొదటి తడి అన్నారు. నవ్వమాకండి, మాకదే శాసనం. ఏటా పైపాలెమే గెలిచేది. వాళ్ళ చేలు తడిసిందాకా మేము నోరెళ్ళబెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆ ఏడు ఏమైందంటే, మిరప నాటినాక వాన మొహం చాటేసింది. మొక్కలు తలలు వాల్చేసినయ్. మొదటి తడి మాకు రాకపోతే తోటలు పోయినట్టే అనుకోండి. ఈసారి నేను తొక్కుతా అని లేచింది సైదమ్మ. ఆడమనిషివి నువ్వేంది అన్నోళ్ళని, మీరు తొక్కి ఏం తెచ్చారు, చెప్పండి అనింది.

ఇంక సైకిలు బాగుచేయించాల గదా. రెండు పాలేలకీ కలిపి ఒకటే సైకిలు కొట్టు, బెమ్మం మావది. ఆయనది పైపాలెం. చెయ్యి మంచిదే గానీ పొగరు. హ్యాండిలు కొంచెం పైకెత్తు మావా అని సైకిలు నిలబెట్టింది. చూశాడు. హ్యాండిలుని పట్టి ఉంచే బోల్టుకి తలకాయలో ఆరుపలకల గుంట ఉండాల గదా, ఎలెన్ కీ దూర్చి తిప్పేది, అది లేదు. ముగ్గులో నక్షత్రం వేసినట్టు ఆరు రెక్కల గుంట ఉంది. స్టారు బోల్టంట. ఇదేంది, ఇది బోల్టా, పెళ్ళికూతురి జడబిళ్ళా అన్నాడు. దానికి కీ కూడా ఇచ్చారు మావా అని ఈమె సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆయన దాన్నొకసారి ఎగాదిగా చూసి, ఈ ముగ్గుపుల్లలు నా కొట్లోకి తేమాకమ్మాయ్, దీనికీ ఆరే, దానికీ ఆరే, ఏంది తేడా, అని అవతల పారేసి ఎలెన్ కీ దూర్చాడు. అది జారింది. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ జారింది. రెక్కలన్నీ కొరికేసినాక పటకారుతో పట్టి పీకి, తన డబ్బాలోని ఆరుపలకల బోల్టు వేసి బిగించాడు. సైదమ్మకి ఒళ్ళు మండింది. ఆ పారేసిన స్టారు కీ ఏరుకుని, ఆయన చూస్తా ఉండంగానే తన ఇంటి తాళాల గుత్తికి కట్టుకుని బొడ్లో దోపుకుంది. అది పనికొచ్చుద్దని గాదు, పంతానికి.

కాలవ వదిలే రోజు వచ్చింది. మిల్లు కాడ రెండు పాలేల జనం. పైపాలెం తరఫున ఓబులేసు, ఎడ్లకి తౌడు మూటలు మోసి మోసి తొడలు దూలాల్లాగా ఉంటయ్. వెనకాల మోపెడ్ మీద బెమ్మం మావ, ఎవరి సైకిలు చెడినా చూడాలని అది కూడా కట్టుబాటే. జెండా ఊపారు. మొదట్లో సైదమ్మే ముందుందంట. కట్టమీద బాటెట్టా ఉంటదో మీకు తెలుసుగా, బండిచక్రాల గాళ్ళు, గుంతలు. సగం దూరం పోయేసరికి హ్యాండిలు వదులైపోయింది. ఈమె ఎడమకి తిప్పితే చక్రం తిన్నగా పోతంది. దిగింది పాపం. ఓబులేసు అక్కా ఏమైందే అని అడుగుతానే దాటిపోయాడు.

మావాళ్ళు పరిగెత్తుకుంటా వచ్చి బెమ్మాన్ని చుట్టుకున్నారు. పైపాలెమోడివి గదా, కావాలనే చేశావు అన్నారు. కాలర్ పట్టుకున్నారు కూడా. ఆయన మొహం నల్లబడిపోయింది. ఎలెన్ కీ తీసి దూర్చాడు. అది గుంటలో ఊరికే గిరగిరా తిరిగింది. మూలలన్నీ అరిగిపోయి గుండ్రంగా అయిపోయినయ్ లోపల. అప్పుడన్నాడంట, సైదమ్మా, అరగదీసింది నేనే, ఆ రోజు కొట్లో గట్టిగా ఉండాలని ఇంకా బిగించబోతే కీ జారింది, పేరు పోద్దని పైన గ్రీసు పూసి ఊరుకున్నా, పందెం కోసం మాత్రం చెయ్యలేదు, నా బిడ్డల మీద ఒట్టు. సైదమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, బొడ్లోంచి తాళాల గుత్తి తీసి ఆ స్టారు కీ చేతిలో పెట్టింది. ఇది పట్టుద్దేమో చూడు మావా అనింది.

పెట్టాడు. కొంచెం దూరి ఆగింది. గుంటకంటే అది వెంట్రుకవాసి లావు. లోపలికి దిగాలంటే సుత్తితో కొట్టాల. సుత్తి ఆయన చేతిలోనే ఉంది. చుట్టూ ఆయన పాలెమోళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఆయన బామ్మర్ది కూడా. కొట్టమాక బావా, నీ చేనుకి నీళ్ళు వద్దా అన్నాడంట బామ్మర్ది. బెమ్మం మావ, నా బోల్టు వల్ల మాత్రం ఎవరూ ఓడగూడదురా అని ఠంగున కొట్టాడు. రెండోది కొట్టాడు. ఆ కీ రెక్కలు అరిగిన ఇనుములో దిగబడినయ్. ఎలెన్ కీ అయితే మూలల్ని పట్టుకుని తోసుద్ది, మూల అరిగిందా ఇంక దానికి దిక్కులేదు. ఇది వేళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చి పట్టుకున్నట్టు పట్టింది. తిప్పాడు. కిర్రుమని బిగిసింది. హ్యాండిలు రాయయ్యింది. కానీ ఏమైందంటే, కీ ఇంక బయటికి రాలా. లాగినా రాలా. దాంతోపాటే ఆమె ఇంటి తాళం, పెట్టె తాళం, బీరువా తాళం, అన్నీ హ్యాండిలుకి వేలాడతన్నయ్. ఉండనీ మావా అని ఎక్కింది సైదమ్మ.

నేను తూము కాడే ఉన్నా, ఇది మాత్రం కళ్ళారా చూసిందే చెప్తున్నా. ముందు ఓబులేసు కనపడ్డాడు. మా తోటికోడలైతే కొంగు మొహాన కప్పేసుకుంది. అప్పుడు వినపడింది తాళాల చప్పుడు. గలగల గలగల, గలగల గలగల. దుమ్ములోంచి సైదమ్మ. తూముకి ముందు ఎక్కుడు ఉంది గదా, అక్కడ ఓబులేసు లేచి నిలబడి తొక్కతన్నాడు, సైకిలు మూలుగుతంది. ఈమె గేరు మార్చింది. సీటు మీద కూర్చునే, పాలుపోయటానికి పోతన్నట్టు, గలగలమంటా ఆయన పక్కనుంచి పోయింది. పోయి తూము మీద చెయ్యేసి నిలబడింది. ఆ ఎక్కుడు మీద మేము అరిచిన అరుపులకి కాలవలో కొంగలన్నీ లేచిపోయినయ్. కాలవ చూసే లష్కరు తూము తలుపు చక్రం తిప్పాడు. నీళ్ళు మా వైపు మళ్ళినయ్, ఎర్రగా, నురగ కక్కుకుంటా. నేను చీర తడుస్తందని కూడా చూసుకోకుండా దిగిపోయా. ఏడ్చా, సంతోషంతోనే ఏడ్చా, ఎందుకు అబద్ధం చెప్పాల.

సాయంత్రం దాకా సైదమ్మ ఇంట్లోకి పోలేకపోయింది, తాళాలు సైకిలుకి ఉన్నయ్ గదా. ఊరంతా ఆమె అరుగు మీదే కూర్చుంది. పిలవకుండానే బెమ్మం మావ సామాన్ల సంచితో వచ్చి ఆ బోల్టు ఊడదీసి, కీని తట్టి బయటికి తీసి, రెక్కలున్న కొత్తది తెచ్చి ఆ కీతోనే బిగించి, తాళాలు ఆమె చేతికిచ్చాడు. ఏమన్నాడంట తెలుసా, దీనికీ ఆరే, దానికీ ఆరేనమ్మాయ్ అన్నాడంట. ఓడినట్టు ఒప్పుకోడు చూశారా. ఇప్పుడు ఆయన కొట్టుకి పోయి చూడండి, గుమ్మం పక్కనే స్టారు కీలు దండలాగా వేలాడగట్టుకుని కూర్చుని ఉంటాడు. అదేంది మావా అంటే, దిష్టికిరా అంటాడు. పైపాలెమోళ్ళకి రెండో తడి అందింది, వాళ్ళ తోటలూ బతికినయ్, అది వేరే సంగతి. మీరిందాక కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటా తిన్న పచ్చడి మాత్రం ఆ మొదటి తడికి కాసిన కాయ విత్తనంతో పండించిన మిరపదే. ఇంకొంచెం వేసుకోండి, ఏం గాదు.