మంచం దిగిన పిచ్చమ్మ

1948 వానాకాలం. పక్క ఊరిని తగలబెట్టిన దండు ఇటు మళ్లిందని కబురొచ్చి, కోదాడ దగ్గరి ఆ పల్లె జనమంతా సరిహద్దు దాటి జగ్గయ్యపేటకు పోతున్నారు. రామనర్సయ్య ఇంట్లో మాత్రం గుండెజబ్బుతో మంచం పట్టిన అతని తల్లి పిచ్చమ్మ ఇంకా గడప దాటలేదు.

"లేవకవ్వా, పండుకో. మంచానికి తాళ్లు కట్టిన్రు. నలుగురం మోస్తం."

"మంచం నేనెక్క."

"ఎక్కవా?"

"నడుస్త."

"నడుస్తవా? జగ్గయ్యపేట ఏమన్న పక్క వాడనుకున్నవా?"

"జానకి ఏది?"

"నీ కోడలు పెరట్ల మూట కడుతున్నది. మాట మార్చకు. డాక్టరు కదలొద్దన్నడా లేదా?"

"అది జబ్బొచ్చిన కొత్తల్ల. మొన్న ఎండకాలం సూర్యాపేట దవాఖానకు పోయినప్పుడు..."

"పోయినప్పుడు?"

"ఇగ రోజు కొంచెం కొంచెం నడువమన్నడు. నువ్వు బయట బండికాడ ఉన్నవ్."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నడువనిస్తువా?"

"అంటే... నడుస్తనే ఉన్నవా?"

"నువ్వు చేనుకు పోయినంక. పనికొచ్చే మైసమ్మ తోడుంటది. మొదట కొట్టందాక పోయిన. తర్వాత మోటబాయి దాక. ఇప్పుడు వాగొడ్డు దాక పోయొస్తున్న."

"వాగొడ్డు దాకనా! గాడ పడితే ఎవరు సూస్తరు?"

"పడలే గద."

"నిరుడు కల్లంల పడ్డవ్. నా చేతులల్లనే పడ్డవ్. పెదవులు నల్లబడ్డయ్, పిలిస్తే పలకలే. ఆ దినం నుంచి నాకు కంటినిండ నిద్ర లేదు, ఎరుకనా?"

"ఎరుకే కొడుకా. అందుకే చెప్పలే. మంచంల ఉన్నన్ని దినాలు నాకు మాత్రం నిద్ర ఉన్నదా? గుండె కొట్టుకునుడు వినుకుంట పండుకునేది. ఇదే ఆఖరుదా, ఇదే ఆఖరుదా అని. నడువబట్టినంక వినుడు మరిచిన."

"దుర్గయ్యా, నువ్వు మంచం అటు దిక్కు పట్టు."

"పట్టుకునే ఉన్న పటేలా. పొగ కనబడుతున్నది. జర జల్ది కానియ్యుండ్రి."

"విన్నవా అవ్వా? ఎక్కు. నీ కాళ్లు మొక్కుత."

"ఆయాసమొస్తే ఆగుత. ఎడమ చెయ్యి గుంజితే కూసుంట. ఎప్పుడు ఆగాల్నో నాకు ఎరుకయింది."

"నువ్వు కూసుంటే దండు ఆగుతదా?"

"నువ్వు ముందు పో. మైసమ్మ, నేను మెల్లగ వస్తం."

"నిన్ను ఇడిసిపెట్టా? లోకం ఏమంటది?"

"లోకం జగ్గయ్యపేటకు పోయింది. జానకిని పిలువు."

"మళ్లా జానకి. పొద్దుగాల నుంచి ఆమెతోనే పరేషాన్. ఒక్క పని చెప్పినట్టు చేస్తలేదు. గోడ పట్టుకొని నిలవడుతది, అడిగితే ఏం లేదంటది. ఇప్పుడే గట్టిగ కసిరిన."

"కసిరినవా."

"కసరకుంటే? బయలెల్లే యాళ్ల ఇట్ల చేస్తే ఎట్ల?"

"కడుపుతోని ఉన్న పిల్ల నర్సయ్యా."

"నాకు తెల్వదా? నెలలు నిండనీకె ఇంక టైమున్నది. చెయ్యి పట్టుకొని మెల్లగ నడిపిస్త. ఎడ్లుంటే అత్తాకోడండ్లను ఇద్దరినీ బండిల కూసోబెట్టేటోన్ని. మొన్ననే దండోళ్లు ఎడ్లను తోలుకపోయిరి. ఏం చెయ్యమంటవ్? మోసేది నలుగురం, ఉన్నది ఒక్క మంచం."

"నేను అన్నదీ అదే."

"ఏమన్నవ్? సక్కగ చెప్పరాదు?"

"చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. చెప్తే అత్తకు మంచం లేకుండ పోతదట."

"ఏం చెప్తే?"

"తెల్లారగట్ల నుంచి దానికి నొప్పులొస్తున్నయ్."