గేటుకు ఈ తట్టు

ఏమప్పా, ఈ నీడ నీకేమన్నా రాసిచ్చినారా? లేసి రోడ్డుకవతల నిలబడు, నిలబడు అంటాండావే, ఆడ ఏముండాది? ఒక రేకు ముక్క కూడా ల్యా. ఈ మే నెల ఎండకు నన్ను ఆడ నిలబెడితే సందకాడికి నన్ను ఎత్తకపోను నలుగురు కావల్ల. నేను లెయ్యను.

పిల్లోల్లు మాత్రమే ఉండల్లనా ఈడ? అట్లయితే ఆ పెద్దమనిషెవరు, కారుకానుకోని పేపరు చదువుతాండేది? ఆయప్ప కూడా పరీక్ష రాస్తాండాడా? ఆయప్పకు చెప్పు పో ముందు.

నా మొగం సరిగ్గా సూడు. గుర్తు పట్టలేదు గదా? ఎట్ల గుర్తుంటాది నీకు! ఏడాదికి ఎంతమంది మీద మూస్తావో ఈ గేటు. నాకు మాత్రం నీ మొగం మర్సిపోయే మొగం గాదు, ఆ కనుబొమ్మ మీది మచ్చతో సహా. పోయినేడు ఇదే గేటు, ఇదే నువ్వు. మధ్యాన్నం రెండున్నరకు ఎంసెట్టు. ఒక్క నిమిషం ఆలిశమైందని నా మనమరాలు వస్తాండంగానే గొలుసేసినావు.

ఆఁ. ఇప్పుడొచ్చిందా గుర్తు? సన్నంగా, రెండు జడలేసుకోని, కడ్డీలు పట్టుకోని నిలబడె సూడు, ఆ పిల్ల. జీవిత. నీతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడిందంతా నేనే. కడ్డీల తుప్పు రెండు చేతులకూ అంటుకునింటే, జమ్మలమడుగులో ఇల్లు చేరేదాకా కడుక్కోలేదు కూడా ఆ బిడ్డ.

నా పేరు యేసమ్మ. ఆస్పత్రిలో ముప్పై ఒక్కేండ్లు ఆయాగా చేసినా. నా వార్డులో దుప్పటి మీద ఒక్క ముడత సూపిచ్చమను ఎవరినైనా. కొత్తగా వచ్చిన నర్సు పిల్లోల్లు డాక్టరుకు భయపడేవాల్లు గాదు, నాకు భయపడేవాల్లు. చదువంటావా? సంతకం చేస్తా. బైబిల్లో పెద్దక్షరాలయితే కూడబలుక్కోని చదువుకుంటా. అంతే. అందుకే గదా ఆ బిడ్డన్నా చదవల్లని.

నీ పేరేంది?

ఆరోనా! ఓరి నీ... గుడికి పోతావా? పోతావు! ఆదివారం పాటలు పాడి సోమవారం వచ్చి బిడ్డల మీద గేట్లు మూస్తావా నువ్వు? ఏడాది పొద్దు ప్రార్థన చేసినానప్పా నేను. నీ కోసరం గాదు, నీ మీద. దినామూ తెల్లారుజామున. పేరు తెలీదు గదా, "ప్రొద్దుటూరు గేటు కాడోడు" అని చెప్పుకుంటాంటి దేవునికి. ఆయనకు తెలుసులే ఎవరనేది.

నవ్వద్దు. నేను ఎగతాళికి చెప్పలేదు.

ఈ పొద్దెందుకొచ్చినానా? ఆ పిల్ల మళ్లా రాస్తాంది. మళ్లా ఈ సెంటరే పడింది, మళ్లా మధ్యాన్నమే. నాతో రాలేదు. నేను వచ్చినట్లు కూడా తెలీదు. పోయిన ఆదివారం గుళ్లో పాస్టరయ్య పరీక్షలు రాసే బిడ్డల పేర్లు చదువుతాంటే, నడుమ "జీవిత" అని ఇనపడె. దినమూ, యాళా, సెంటరూ అన్నీ ఆయప్ప నోట్నుంచే తెలుసుకుంటి నేను. పద్నాలుగేండ్లు సాకినదాన్ని!

తల్లి సచ్చిపోయిన బిడ్డప్పా. నాలుగేండ్లప్పుడు నా కొంగు పట్టుకునింది. పదకొండు నెల్లాయ ఇడిసిపెట్టి. వాల్ల నాయన శాంసన్, నా అల్లుడు, తుమ్మలపల్లె మైన్‌లో పని, పులివెందల్లో కాపరం. ఆడికి పోయింది. ఫోన్ చేస్తే "బాగుండా అవ్వా" అంటాది. నేను ఇంగో మాట ఎతుక్కునే లోపల పెట్టేస్తాది.

పో, పో, ఆ బండోల్లు హారన్ కొడతాండారు. నేనేం పారిపోను.

వచ్చినావా? పదకొండున్నరకే ఎంత జనం సూడు! మధ్యాన్నం పరీక్ష పెట్టేవాల్లకు, దానికి ముందు ఒక పొద్దున ఉంటాదని తెలుసునా అప్పా? పొద్దున్నే పరీక్షయితే బిడ్డలు లేసి, మొగం కడుక్కోని పోతారు, ఐపోతాది. మధ్యాన్నమయితే ఆ పొద్దునంతా ఏం చేసుకోవల్ల? ఆ పిల్లోన్ని సూడు, పెదాలు ఆడిస్తా గోడెంబడి తిరగబట్టి గంటాయ. కాల్లల్లో ఉండే బలమంతా ఈడనే పాయ. ఆ తల్లి సూడు, బిడ్డ వద్దంటాంటే నోట్లో ముద్దలు కుక్కుతాంది. లోపల కక్కుతాది ఆ పాప, నేను చెప్తాండా గదా. గోరింటాకు పెట్టుకోనొచ్చిన పిల్ల ఒకతి, వేలిముద్ర పడదని ఎవురో అన్న్యారని గోడకేసి రాకుతాంది చెయ్యి! పెండ్లికి పోతాందనుకునిందో ఏమో.

నేనయితే పోయినేడు ఆ పొద్దునను గంటగంటకూ ఏర్పాటు చేసి పెట్టినా. నాలుగ్గంటలకే లేపినా. తలకు పోసి, రెండు జడలు గట్టిగా అల్లినా. పుస్తకాలన్నీ పాత చీరలో మూట గట్టి అటక మీద పెట్టినా, ఇంగ చదివేది లేదని. తొమ్మిదికి గుడి.

మా కాడ హాల్ టిక్కెట్ల ప్రార్థన ఉంటాది గదా, మీ కాడ కూడా ఉంటాదా? అదే. బిడ్డలు టిక్కెట్లూ పెన్నులూ తెచ్చి బల్ల మీద పెడతారు, అయ్యగారు ఒక్కొక్కటి చేతికి తీసుకోని, పేరు చదివి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. అది అయ్యేదాకా ఉపాసం. ఉపాసం మాత్రం అయ్యగారు చెప్పింది గాదు, నాదే. "అవ్వా, ఒక్క ఇడ్లీ తింటానే, కండ్లు తిరుగుతాండాయి" అనె. "కడుపు నింపుకోని దేవుని ముందర నిలబడతావా" అంటి. పైట సర్దుకోని నిలబడె.

ఇరవై మంది బిడ్డలు. టిక్కెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చింటే, మా జీవితది రెండోది. దాని మీద యా టిక్కెట్టుండాదో తెలుసునా? వసంతమ్మ మనమరాలు శ్వేతది.

వసంతమ్మంటే... సెప్తా ఉండు. గుళ్లో రొట్టె, ద్రాక్షరసం పెట్టే సంస్కారం బల్ల మీద పరిసే తెల్లగుడ్డ ఇరవై రెండేండ్లు నేను ఉతికినా. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత మీద మడత. ఒగ ఆదివారం, ఆడోల్ల సంఘంలో, అందరి ముందరా, వసంతమ్మ ఆ గుడ్డను ఎండకు ఎత్తి పట్టి "ఈడ పసుపు మరకుండాదే" అనె. నా చేతి గుడ్డకు! మరుసటి వారం నుంచి ఆ గుడ్డ ఆయమ్మ కోడలికి పాయ. ఆ పొద్దు నుంచి ఆయమ్మతో నాకు మాట ల్యా. ఆయమ్మ ఇంటి నీల్లు తాగలేదు. తొమ్మిదేండ్లు.

చిన్న మాటా? నీకు చిన్నదే. నీ గేటుకు తుప్పు పట్టిందని నేను పదిమందిలో అంటే తెలుస్తాది.

అందుకని, ఆయమ్మ మనమరాలి టిక్కెట్టు కింద నా బిడ్డది ఉండేదేందని తీసి పక్కన పెట్టినా. పక్కన పెట్టింది పక్కనే ఉండిపాయ. అయ్యగారు అన్నీ చదివినంక కడాకు దాన్ని ఎత్తె. పన్నెండున్నరాయ.

ఆటోనా? ఉండె. వసంతమ్మ కొడుకు తిమోతి ఆటో గుడి ముందరనే ఉండె, శ్వేతనూ ఇంగో ముగ్గురినీ ఎక్కిచ్చుకోని. నిండిపోయింటే. నిండిపోయిన ఆటోలో ఎట్ల పోతామప్పా? నువ్వు అన్నీ అడుగుతావే! బస్టాండుకు పోతిమి. బస్సు నిండేదాకా కదల్లా. సగం దోవలో టైరు పంచరాయ. దిగి, ఇంగో బస్సు పట్టుకోని, ఈడ దిగి, ఆ ఎండలో, వొట్టి కడుపుతో, పరిగెత్తె నా బిడ్డ. నేను ఎనకనే. అప్పటికి నువ్వు గొలుసు తిప్పుతాండావు.

శ్వేత లోపలికి పాయ. ఇప్పుడు వ్యవసాయం డిగ్రీ చదువుతాంది ఆ పిల్ల, తెల్లకోటేసుకోని.

ఉండు. ఉండప్పా. ఆ ఆటో... పచ్చ గుడ్డ కప్పింది. అది తిమోతిది.

పక్కకు జరుగు కొంచెం. నా ముందర నిలబడు. అట్ల. నన్ను సూడనియ్యద్దు.

ఆ దిగేది శ్వేత. ఎనక దిగేది... అదే. అదే నా పాప. ఒంటి జడేసుకునింది సూడు, వదులుగా. నూనె కూడా పెట్టుకోలేదు. చిక్కిపోలేదులే. నాయన బాగనే పెడతాండాడు.

పులివెందల నుంచి బస్సులో వస్తాదనుకుంటి నేను. తిమోతి ఆటోలో వచ్చిందంటే... రాత్రి జమ్మలమడుగులోనే పండుకునింది. వసంతమ్మ ఇంట్లో. మా ఇంటికి రెండు సందులప్పా అది. రెండే సందులు. రాత్రి నేను తలుపు దగ్గరేసి పెట్టినా, గడియ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే ఏం జెప్పేది. ఊరికే.

ఏం జేస్తాండారు? నా కండ్లు సరిగ్గా ఆనవు, నువ్వు సూసి చెప్పు. తింటాండారా? ఒకే డబ్బాలోనా? ఏం తింటాంది? పెరుగన్నమా. మంచిది. ఎండకు అదే మంచిది. నేను కూడా అదే తెచ్చినా, ఇదో ఈ క్యారేరులో. పైన ఉర్లగడ్డ తాలింపు. ఈ ఏడు కడుపు మాడ్చనని తెచ్చినా.

నవ్వుతాందా? నిజంగా? పరీక్ష రోజు అంత నవ్వేది ఏముంటాది!

ఇప్పుడేంది, పండుకునిందా? ఆటోలోనా? ఓయమ్మా, రెండు గంటల్లో పరీక్ష పెట్టుకోని కాల్లు బయటికి సాపి నిద్రపోతాది! పుస్తకం కూడా తేలేదా? ప్రార్థనన్నా... నా కాడుండింటే ఒక్క దెబ్బేసి లేపేదాన్ని.

ఆ శ్వేత ఏం జేస్తాంది, చేతిలో అట్ట? ఇసురుతాందా?

పోనీలే. నిద్రపోనీ. లైను కట్టమని మైకులో చెప్పేవాన్ని అంత అరవద్దని చెప్పప్పా, ఆరోనూ. బిడ్డ పండుకునింది. పో, చెప్పిరా.

లేదు, నేను పోను. నువ్వు పిలవద్దు. పిలిచినావంటే సూడు! ఇప్పుడు నన్ను సూస్తే మనసు చెదురుతాది. పరీక్ష చెడుతాది. అదొక్కటే గాదులే.

లేసిందా? మొగం కడుక్కుందా? లైను కడతాండారా? సెవుల్లోవి తీయమంటాండారా? తీయల్ల, లోహమేమీ పోనియ్యరంట గదా. ఆ కమ్మలు సచ్చిపోయిన నా కూతురివి. దాని తల్లివి. దాని పన్నెండో ఏట నేనే పెట్టినా సెవులకు. ఎవురికిస్తాదో సూడు. అటూ ఇటూ సూస్తాంది... శ్వేతకిచ్చె.

ఇయ్యల్ల మరి. ఇంగెవురుండారు పక్కన.

పాయనా లోపలికి? వేలిముద్ర పడిందా? తిరిగి సూసిందా? లేదా. సరే. తిరిగి సూసే అలవాటు లేదు దానికి, చిన్నప్పుట్నుంచీ.

ఇంగెంతుంది టైము? పది నిమిషాలా? అయితే ఇను, ఈ పది నిమిషాలల్లోనే చెప్పుకోవల్ల, గేటు మూసినంక నాకు నోరు రాదు.

ఆటో నిండలేదప్పా.

చోటుండె. ఎనక సీట్లో, శ్వేత పక్కన. ఆ పొద్దు వసంతమ్మే గుడి మెట్ల మీద నిలబడి "యేసమ్మా, పాపను పంపు, చోటుంది" అనె. తొమ్మిదేండ్లకు మొదటి మాట. శానా మెత్తగా అనె. నాకు ఇనపడింది. ఇననట్లు గోడ తట్టు తిరుక్కుంటి. జీవిత లోపల టిక్కెట్టు తీసుకుంటాండె. బయటికొచ్చి "అవ్వా, ఆటో" అనె. "నిండిపాయ మే, బస్సులో పోదాం పా" అంటి. ఆయమ్మ సీట్లో నా బిడ్డ కూచ్చోని పోయి పాసయితే, ఊర్లో అందరూ ఆయమ్మ పుణ్యమని అంటారు గదా. అదీ నా బాధ. అంతే అది.

నెల దినాలకు శ్వేత ఆ సంగతి జీవితకు చెప్పినట్లుండాది. ఒక సందకాడ, రొట్టెలు కాలుస్తాంటే వచ్చి పక్కన కూచ్చోని అడిగె. "అవ్వా, ఆ పొద్దు ఆటోలో చోటుండిందా?" కోపంగా గాదప్పా. మామూలుగా. ఉండె అని చెప్పింటే ఏడ్సి, తిట్టి, అన్నం తినేదేమో. నేనేం జేసినా? నన్నెవురూ అడక్కుండానే పోయి గూట్లో బైబిలు తెచ్చి, దాని మీద చెయ్యి పెట్టి "ల్యా" అంటి.

నా చేతి తట్టు సూసె. పిండి ఉండె చేతికి. బైబిలు అట్ట మీద అంటె. తుడిసి గూట్లో పెట్టె ఆ బిడ్డే. తెల్లారి బ్యాగు సర్దుకోని పాయ.

ఆ అట్ట మీద మరక ఇంకా ఉండాది. ముప్పై ఒక్కేండ్లు మరకలు తీసినదాన్ని, ఆ ఒక్కటి ముట్టుకోలేదు నేను.

ఏడాది పొద్దు నీ మీద పెట్టినానప్పా. నువ్వు గేటు మూస్తివి, నువ్వు మూస్తివి అని. పైనుండే పెద్దాయనకు తెలీదా? తెలుసు. ఇననట్లు గోడ తట్టు తిరుక్కోనుంటాడు.

గంట కొట్టిరి. పో, నీ పని సూసుకో. ఈ క్యారేరు తీసుకో, పొద్దున్నుంచి నువ్వు కూడా ఏం తినలేదు, సూస్తానే ఉండా. వద్దనద్దు. ఎండకు పులిసిపోతాది. డబ్బా మాత్రం కడిగియ్యి, మూతకు జిడ్డుంటే నేను తీసుకోను.

సందకాడ ఐదున్నరకు వస్తాది ఆ పిల్ల బయటికి. నేనప్పటికి బస్సెక్కింటా. నేనొచ్చినట్లు చెప్పద్దు. ఆ పచ్చాటోలో నాక్కూడా చోటుంటాదేమో అని నువ్వేం చెప్పద్దు నాకు.

ఎవురో ఉరికొస్తాండారు సూడు, ఆ మలుపు కాడ. నీలం చొక్కా పిల్లోడు. ఇంకా అర నిమిషముండాది గదా? రానీ... రానీ... ఆఁ, వచ్చె.

ఇంగ మూసెయ్యప్పా. టైముకు మూసెయ్యి. నేను ఈ తట్టే ఉంటాలే.