ఐదు సెంటీమీటర్లు

గచ్చిబౌలిలో ఒక ఇండోర్ కోర్టు వెనక పార్కింగ్. వాలీబాల్ జట్టు ఎంపికకు వచ్చిన కెజియా, ఆమె కోచ్ దేవరాజు.

"బరువులు లోపలికి తేవద్దంటే అర్థం ఉంది. బయట ఎత్తుకుంటామన్నా ఇవ్వరేంటమ్మా?"

"గేటు కాడ పెట్టిచ్చుకున్నరు సార్. పోయేటప్పుడే ఇస్తరట."

"పోయేటప్పుడు దేనికి, పూజకా? ఎన్నో నంబరు నడుస్తోంది?"

"ఇరవై రెండు. నాది ముప్పై ఒకటి."

"మనిషికో నిమిషం, అంటే తొమ్మిది నిమిషాలు. మూడు స్క్వాట్లు, ఏడు నిమిషాల విశ్రాంతి, తర్వాత ఎగరడం. ఇప్పుడే ఎత్తాలి."

"సార్, ఒక మాట..."

"తర్వాత. ఆ నీళ్ల క్యాన్లు?"

"రెండు కలిపినా నలభై కిలోలే."

"మనకి డెబ్బై కావాలి. సరే, నన్నెత్తు."

"ఏందీ?"

"నన్ను భుజాల మీద ఎత్తుకో. డెబ్బై ఆరుంటాను. ఫర్వాలేదు."

"మిమ్మల్ని మోసుకుంట గుంజీలు తియ్యాల్నా?"

"గుంజీలు కాదు, స్క్వాట్లు."

"చూసెటోళ్లకు గుంజీలే. అగో, వాచ్‌మన్ ఇప్పటికే నవ్వుతుండు."

"నవ్వనీ! సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం మానేసి గ్రౌండుకొచ్చిన రోజు మా ఆఫీసు టీమంతా నవ్వింది. నువ్వు రోజూ ఎంత ఎగిరావో రాసిన పట్టిక చూపించాక నోళ్లు మూతబడ్డాయి."

"అందరికి చూపిచ్చిర్రా?"

"అకాడమీ వాళ్లు నన్ను పిలిచింది అది చూసే కదా. సోమవారం నుంచి పన్నెండు మంది పిల్లలు, ఇదే పద్ధతి. నువ్విక్కడ ఎంపికైతే చాలు."

"కాకపోతే?"

"అలా అనకు. రా, వంగు."

"ఆగుండ్రి సార్. జర నా మాట..."

"టైమెంత?"

"ఇరవై నాలుగు పిలిచిర్రు."

"చూశావా! మాటల్లోనే రెండు పోయాయి. ఏమైంది నీకు? మోకాలా?"

"కాదు."

"భయమా?"

"కాదు సార్."

"మరేంటి! ఎగరడానికి కటాఫ్ యాభై సెంటీమీటర్లు. బరువెత్తాక నీది యాభై రెండు. ఎత్తకుండా నలభై ఏడు. మూడు నెలలు, రోజూ అదే తేడా, ఒక్కరోజు తప్పలేదు. ఖాళీ కాళ్లతో లోపలికెళ్లి ఏం చేస్తావ్?"

"ఒక్కరోజు కూడ తప్పకపోతే మీకు డౌటు రాలేదా?"

"డౌటా? ఎందుకు?"

"ఏం లేదు."

"కెజియా. ఎందుకు?"

"మొదటిరోజు నిజంగనే నలభై ఏడు సార్. భయంతోని. బరువు దించినంక యాభై రెండు వచ్చింది. మీరు ఎగిరి గంతేసిర్రు. మా అమ్మ డ్యూటీల ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పిర్రు. నా గురించి ఎవరూ గట్ల చెప్పలే."

"అయితే?"

"తెల్లారి ఏం ఎత్తకముందే కాళ్లు తేలిగ్గున్నయి. యాభై రెండు వస్తదని తెలుస్తనే ఉంది. మీరు పెన్ను పట్టుకొని నిలబడ్డరు. మీ మొహం చూసి..."

"చూసి?"

"ఆపుకున్న. నలభై ఏడే ఎగిరిన."

"ఒక్కరోజేనా?"

"రోజూ."

"అంటే ఆ పట్టికంతా... సోమవారం ఆ పిల్లలకి ఏం చెప్పను?"

"ఇరవై తొమ్మిది పిలుస్తున్నరు. చెప్పుండ్రి సార్, ఇయ్యాల ఎంత ఎగరాలె?"