జొన్న గోదాము పావురాలు

డెబ్బై ఆరులో బోరబండ రైలుపట్టాల పక్కన బుచ్చమ్మ చాయ్ దుకాణం ఉండేది. అక్కడ నిలబడి చూస్తే నానక్‌రామ్‌గూడ దాకా బండరాళ్లూ సీతాఫలం పొదలే. ఆ దుకాణం బల్ల మీద కూర్చున్నాడంటే ఎల్లేశం నోరు మూతపడేది కాదు.

ఆ రోజు మాత్రం ఊసుపోక మాట్లాడటం లేదు. కొత్త ఫ్యాక్టరీ స్టోర్‌కీపరు భీమేశ్వరరావు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. షెడ్డు నిండా పక్షులు, యంత్రాల మీద రెట్టలు, వాటిని వెళ్లగొట్టే మనిషి కావాలట. ఏడాదిగా పనిలేని ఎల్లేశానికి ఆ నౌకరి ఎలాగైనా దక్కాలి.

"గూడు చూసి ఏ పక్షో చెప్త సార్. నాలుగు పుల్లలు అడ్డదిడ్డం పడేస్తె పావురం. కాయితాలు, బట్టపేలికలు కుక్కితే గోరింక. అరవై ఎనిమిదిల జొన్న గోదాముకు కాపలా ఉన్నప్పుడు నేర్సిన. మధ్యానం పూట పావురాలు గూట్లె గుర్రుమంటుంటే, బస్తాల సందుల చల్లగ కూసుంటే... ఆ దినాలే వేరు సార్."

"వెళ్లగొట్టావా మరి?"

"ఒక్క చప్పట్ కొట్టిన! రెండు వందలు ఒక్కపారి లేచినయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాటి రెక్కల గాలికి రేకుల కప్పు జానెడు లేచి మళ్ల కూసున్నది."

"కప్పే లేచిందా!" అన్నాడు పక్కనున్న రైల్వే గ్యాంగ్‌మన్ లింగమూర్తి, చాయ్ ఊదుకుంటూ.

"గది చిన్న ముచ్చట. తెల్లారి చుట్టాలను తోలుకొని రెండు వేలు వచ్చినయ్. గోనెతాళ్లతోని వల అల్లి మీదేస్తి, కొస నా నడుముకు కట్టుకుంటి. ఇగ చూడు, వలతోని నన్ను గూడ లేపుకపోయినయ్! కింద వాడి జంక్షన్‌కు పోయే రైలు, గార్డు తలకాయ బయటపెట్టి నాకు పచ్చజెండా ఊపిండు. ఎడమ తాడు గుంజితే ఎడమకు, కుడి తాడు గుంజితే కుడికి... గట్లనే గండిపేట చెరువు దాక పోయి, అన్నిటికీ నీళ్లు తాపి, పన్నెండు గంటల సైరన్ కూసేసరికి గోదాముల దిగిన!"

భీమేశ్వరరావు మీసాల్లో నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఎల్లేశం, నౌకరి చేజారిపోతోందని గొంతు ఇంకా పెంచాడు.

"మళ్ల ఒక్క పావురం గూడ రాలే సార్!"

"అసలు ఒక్కటన్న పోతే గద, మళ్ల వచ్చుటానికి," అంది బుచ్చమ్మ, చాయ్ వడపోస్తూ. "నేను గా గోదాముల జొన్నలు చెరిగినదాన్నే సార్. గూళ్లు పీకి కిటికీలకు ఇనుప జాలీ కొట్టుమని దొర చెప్పిండు. ఈయన నిచ్చెనెక్కి చూస్తె గూళ్లల్ల బొచ్చు రాని పిల్లలు. 'ఇప్పుడు జాలీ కొడితే తల్లులు బయట, పిల్లలు లోపల చస్తయ్, రెక్కలొచ్చేదాక కొట్ట' అని సుత్తె కింద పడేసిండు. గందుకే ఆ గోదాము నౌకరి పోయింది."

ఎల్లేశం తల దించుకుని గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. గండిపేట మీద ఎగిరానని చెప్పడానికి లేని సిగ్గు, ఈ నిజం నలుగురిలో బయటపడ్డందుకు కలిగింది.

భీమేశ్వరరావు లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

"రేపు పొద్దున్నే వచ్చెయ్యవయ్యా. మా షెడ్డు గూళ్లలోనూ పిల్లలున్నాయి. రెక్కలొచ్చేదాకా ఎన్నాళ్లు ఆగాలంటావు?"

"నెల దినాలు సార్," అన్నాడు ఎల్లేశం. ఈసారి అంతకు మించి ఒక్క రోజు కూడా కలపలేదు.