సీక్వాన పంపిన వాటా

పదహారువందల ముప్పై ఎనిమిదో యేడు, చెట్లు ఆకు రాల్చే కాలం. సీక్వాన పాతర మూస్తా ఉందంట. సీక్వాన ఎవరంటే, ఇప్పుడు మనం అమెరికా అంటామే, ఆ దేశం తూర్పు సముద్రం ఒడ్డున తాతల నాటి నుంచీ ఉన్న జనంలో మనిషి. అప్పటికి వాళ్ళకా పేరు తెలీదు, వాళ్ళ నేల వాళ్ళకి నేలే. పాతరంటే మన పెద్దోళ్ళు జొన్నలు దాచిన పాతర లాంటిదే అనుకో. నడుములోతు గొయ్యి తీసి, చుట్టూ గడ్డిచాపలు పరిచి, ఎండబెట్టిన మొక్కజొన్న గింజలు బుట్టల్లో పోసి దించి, పైన చాప, చాప మీద మన్ను. ఎర్ర గింజ, నల్ల గింజ, తేనెరంగు గింజ, దేని బుట్టలు దానివే. ఇది తినే గింజ కాదు, విత్తనం. వాళ్ళల్లో చేను ఆడదానిది, విత్తనమూ ఆడదానిదే, తల్లి కూతురికి ఇస్తది. సీక్వానకి ఇవ్వడానికి కూతుళ్ళు లేరు. నాలుగేళ్ళ కిందట తెల్లోళ్ళ ఓడలతో పాటు అమ్మోరు వచ్చింది, మశూచి అంటారే, అది. అంతకుముందు ఆ నేల మీద ఎన్నడూ లేని రోగం. మొగుణ్ణి తీసుకుపోయింది, ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుపోయింది, ఊళ్ళో సగం మందికి పైగా తీసుకుపోయింది. మిగిలింది ముసలి తల్లి, తమ్ముడు నూసప్, ఓ పది గుడిసెలు, ఈ పాతర. చచ్చిపోయినోళ్ళ చేలల్లో మిగిలిన కంకులు కూడా సీక్వానే ఏరి తెచ్చి, యేటేటా వేసి, విత్తనం నిలబెట్టింది. ఈ పాతర పోయిందా, వచ్చే యేడు ఊరు ఊరంతటికీ వేసుకోను గింజ ఉండదు. అది గుర్తు పెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే.

ఇంక ఏమైందంటే, చచ్చిపోయినోళ్ళ చేలు ఖాళీగా కనబడేసరికి తెల్లోళ్ళు వచ్చి కూర్చున్నారు. వాగు అవతల ఓబద్యా అనే ఆయన ఇల్లు కట్టాడు. చెడ్డోడని నేననను. వచ్చిన కొత్తలో ఆకలితో నకనకలాడతా ఉంటే సీక్వానే గింజలిచ్చింది, చేపని ఎరువుగా మట్టిలో పూడ్చి దాని మీద విత్తనం ఎట్టా పెట్టాలో చూపించింది. ఆయనా ఊరుకోలేదు, మంచి ఇనుప కత్తి ఒకటి ఇచ్చాడు. చిక్కంతా ఆయన పందులతో వచ్చింది. వాళ్ళు పందుల్ని దొడ్లో పెట్టరంట. ఎవరిదో గుర్తుకి చెవికి గాటు పెట్టి అడివి మీదికి వదిలేస్తారు, చలికాలం ముందర కొవ్వెక్కాక వచ్చి పట్టుకుపోతారు. ఆటుకి సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆడోళ్ళు గుల్లలు ఏరుకోడానికి పోతే, వాళ్ళ వెనకాలే ఈ పందులూ పోయి, బురదంతా మూతులతో కుళ్ళగించి, గుల్లలన్నీ నమిలేసేవి. చేలల్లో పడేవి. తినే గింజల పాతరలు అప్పటికే తవ్వేశాయి.

నూసప్‌కి తెల్లోళ్ళ మాట కాస్త వచ్చు. వాళ్ళ పెద్దల ముందుకు పోయి, అయ్యా ఇట్టా ఇట్టా జరుగుతా ఉంది అని చెప్పుకున్నాడు. వాళ్ళలో ఒక పెద్దమనిషి అంతా విని, "నీ చేనుకి దడి ఉందా" అన్నాడంట. "దడి ఎందుకు, చేలో పడిన జంతువుని కొట్టి తింటాం" అన్నాడు నూసప్. "పంది జంతువు కాదు, ఒకరి సొత్తు. దడి కట్టుకో. దడి లేని చేలో పడితే అది పంది తప్పు కాదు." చూడండి మరి. మన ఊళ్ళో గేదె చేలో పడితే ఏం చేస్తాం? బందెలదొడ్లో పెట్టిస్తాం. గేదెగలోడు వచ్చి బందె కట్టి విడిపించుకుంటాడు. అక్కడ దాన్ని తిరగేశారు. పందికి దేశమంతా దొడ్డి, మనిషేమో దడిలో ఉండాలంట. నూసప్ ఇంటికొచ్చి ఇది చెబితే ముసలామె నవ్వింది. "చేను చుట్టూ దడి కడితే లేళ్ళు ఎట్టా వస్తాయిరా?" "రావు, అదే వాళ్ళకి కావాల్సింది." "మరి తెల్లోళ్ళు ఎట్టా వస్తారు?" "వాళ్ళకి దడి అడ్డం కాదులేమ్మా."

సీక్వాన నవ్వలేదు. పాతర మీదికి దుంగలు దొర్లించింది, రాళ్ళు పేర్చింది, పక్కనే చాపేసుకుని పడుకోడం మొదలుపెట్టింది. ఒకనాడు తెల్లారింది గానీ మంచు కమ్ముకుని నాలుగడుగుల అవతల ఏముందో తెలియట్లేదు. దుంగ కదిలిన చప్పుడైంది. తమ్ముడేమో అనుకుంది. "నూసప్" అని పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఈసారి గురగుర వినపడింది. లేచి దగ్గరికి పోతే, పెద్ద ఆడపంది, దుంగని పక్కకి నెట్టేసి భుజాల దాకా గోతిలోకి తల దించి ఉంది. లోపల చాప చిరుగుతున్న చప్పుడు, గింజలు నములుతున్న చప్పుడు. అరిచింది, కదల్లేదు. నేల తవ్వే కర్ర తీసుకుని నడుం మీద కొట్టింది. అప్పుడు తల బయటికి తీసి ఆమెకేసి చూసిందంట, మూతి నిండా ఎర్ర గింజలు. మీకు తెలియంది కాదు, అంత లావు పంది ఎదురు తిరిగితే ఎంత మగాడైనా చెట్టెక్కాల్సిందే. చెట్టు పక్కనే ఉంది. ఎక్కితే పాతర పోతది. ఆమె ఎక్కలేదు. పంది మీదికొచ్చింది, పిక్క చీరేసింది, కింద పడేసింది. పడినచోటే పడుకుని, ఓబద్యా ఇచ్చిన కత్తే, దాని గొంతు కింద దించింది. అది అంత తొందరగా చావలేదంట. ఆమె మీద పడే కొట్టుకుంది, కొట్టుకుంది, అప్పుడు ఆగింది.

నూసప్ పరిగెత్తుకొచ్చేసరికి ఆమె నేల మీద కూర్చుని గింజలు ఏరతా ఉంది. "ఒక్క బుట్టే పోయిందిరా, మిగతావన్నీ ఉన్నాయి." వాడు బుట్టలకేసి చూడలేదు. పంది చెవి పట్టుకుని చూశాడు. "అక్కా, గాటుంది. ఓబద్యాది." "తెలుసు." "ఈ మంచులో ఎవరూ చూళ్ళేదు. గొయ్యి తీసి పూడ్చేద్దాం." ఇక్కడో సంగతి చెప్పాలి. వాళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ జంతువుని చంపినా, అది ఎవరి నేల వైపు నుంచి వచ్చిందో వాళ్ళింటికి వెనక తొడ పంపాలి. పంపినోడు చుట్టం. దాచుకున్నోడు దొంగ, వాడి నిప్పు మీద ఇంకెవరూ వండుకోరు. సీక్వాన పిక్కకి ఆకు కట్టుకుని తొడ కొయ్యడం మొదలుపెట్టింది. "అక్కా, వాళ్ళకి ఇది తెలీదే." "మూడేళ్ళ నుంచి పక్కనే ఉంటన్నాడు, తెలీదా?" "తెలీదు." "అయితే ఇయ్యాల తెలుసుకుంటాడు. పూడిస్తే దొంగనైపోతానురా. వాటా ఇస్తే ఇరుగుపొరుగుని."  నూసప్ తొడ భుజానేసుకుని ఆమె వెనకాలే నడిచాడు. ఒప్పుకుని కాదు, కుంటుకుంటా పోయేదాన్ని ఒక్కదాన్నీ పంపలేక.

ఓబద్యా ఇంటి ముందర కట్టెలు కొడతా ఉన్నాడు. ఆయన భార్య గుమ్మంలో నుంచి మాంసం చూసి మురిసిపోయి చేతులు చాచింది. ఓబద్యా గొడ్డలి కింద పెట్టకుండానే అడిగాడు, "ఎక్కడిదది?" నూసప్ చెప్పాడు, "పాతర తవ్వతా ఉంటే మా అక్క చంపింది. నీ వైపు నుంచి వచ్చింది కాబట్టి ఇది నీ వాటా." "నా వాటానా?" "నీదే." "నా పందిలో నాకు వాటా ఇస్తన్నారు." నూసప్ ఆ మాట అక్కకి చెప్పాలో వద్దో తెలియక నిలబడ్డాడు. "ఏమంటన్నాడురా?" అంది సీక్వాన. "చాలదంటన్నాడు." "దానికేముంది, రెండో తొడ కూడా ఇద్దామని చెప్పు." అప్పటికే ఓబద్యా భార్య చేతులు వెనక్కి తీసేసుకుంది. నూసప్ తొడని గుమ్మం ముందు పెట్టాడు, ఎవరూ ముట్టుకోలేదు. "రేపొస్తాం" అన్నాడు ఓబద్యా, గొంతు కూడా పెంచలేదు. సీక్వాన ఒక పనైపోయినట్టు ఇంటికొచ్చి పాతర మళ్ళీ మూసుకుంది. నూసప్ మాత్రం పొద్దస్తమానం వాగు వైపే చూస్తా కూర్చున్నాడు.

అన్నట్టే వచ్చారు, ఓబద్యా, దడి కట్టుకోమన్న ఆ పెద్దమనిషి, ఇంకొందరు తెల్లోళ్ళు, తుపాకులతో. ఎవరు చంపారని అడిగే పనే లేదు కదా, చంపినామే గుమ్మం దాకా పోయి చెప్పించింది. పందికి బదులు గింజలు జమ చేసుకుంటాం అన్నారు. "తినే గింజలు మీ పందులే తిన్నాయి, ఇది విత్తనం" అంది సీక్వాన. నూసప్ తిప్పి చెప్పాడు. "గింజ గింజే" అన్నాడు ఆ పెద్దమనిషి. వాళ్ళే దుంగలు తీశారు, బుట్టలు పైకి లాగారు, ఎర్రవీ నల్లవీ తేనెరంగువీ అన్నీ ఒకే గోనెలో గుమ్మరించారు. అది చూశాక సీక్వాన గోతిలోకి దిగి ఆఖరి బుట్ట మీద బోర్లా పడుకుంది. ఒకడు జుట్టు పట్టి లాగాడు. నూసప్ వాణ్ణి కొట్టాడు, ఒక్క దెబ్బే, ఉత్త చేత్తో. నూసప్ చేతులు కట్టేసి రేవుకి తీసుకుపోయారు. ఓబద్యా దూరంగా నిలబడి, ఆ ఆఖరి బుట్ట వదిలెయ్యండి అన్నాడని కొందరు చెబుతారు. అన్నాడేమో. బుట్టయితే వదల్లేదు.

ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు, ఆ పందిని పూడ్చేస్తే పోయేదిగా, పిచ్చిది కాకపోతే అని. నేనొప్పుకోను. ఎంతమంది అన్నా ఒప్పుకోను. చేలు కావాల్సినోడికి పంది కాకపోతే ఇంకో వంక, తోడేలుకి మేకపిల్లతో తగువు దొరకడం ఎంతసేపు. వాటా పంపినామె పిచ్చిదైతే, పెళ్ళి భోజనం పక్కింటికి పంపే మనమంతా పిచ్చోళ్ళమే అనుకో, నేనైతే ఆ పిచ్చోళ్ళ బంతిలోనే కూర్చుంటా. సరే, జరిగింది జరిగినట్టు చెప్పి లేస్తా. వసంతం వచ్చేసరికి వేసుకోను గింజ లేక సీక్వానా, ఆ పది గుడిసెల వాళ్ళూ నేల వదిలి పడమటి అడివిలో చుట్టాల దగ్గరికి పోయారు. మరుసటి యేడు ఆ చేలు దున్నింది ఓబద్యా. నూసప్‌ని ఓడెక్కించి దక్షిణాన దీవుల్లో బానిసగా అమ్మేశారు, తిరిగి రాలేదు. గింజలు పట్టుకుపోయిన ఆ చలికాలమే, నేల వదలక ముందే, ఆకలికి సీక్వాన తల్లి పోయింది, ఊళ్ళో పసిబిడ్డలు నలుగురు పోయారు.