ఏడో గూటి పిట్ట

పిట్టల మీద పరిశోధన చేసే కూతురు, ఒళ్ళో చంటిదానికి పాలిస్తూనే బరువుల పుస్తకం తిరగేసి, ఏడో గూటి దగ్గర ఆగింది.

“అమ్మా, ఈ తల్లిపిట్ట వారంలో అర గ్రాము కూడా తగ్గలేదేంటి? ఆరు పిల్లలు. తెచ్చిందంతా వాటి నోట్లోనే పెడుతుంది. పక్క గూళ్ళలో తల్లులన్నీ చిక్కి సగమయ్యాయి.”

“గట్టి పిట్టేమోలే. ముందు నువ్వు తిను, చల్లారిపోతోంది.”

“పిట్టల్ని పట్టి తూచడానికి ఎరగా ఉంచుకున్న పురుగుల డబ్బా ఎందుకు ఖాళీ అయింది?”

తల్లి కంచంలోంచి తలెత్తలేదు.

“ఏదో, పూటకి నాలుగు వేశాను.”

“ఏ గూటికీ మేత పెట్టొద్దని చీటీ అంటించానుగా. పెట్టకపోతే ఎంత చిక్కుతుందో చూడడమే నా పని.”

“చీటీ చదివాను. తర్వాత దాన్ని చూశాను. రెక్కలు వేలాడేసుకుని వచ్చింది, క్షణం కూర్చోకుండా మళ్ళీ ఎగిరిపోయింది. అచ్చం నీలాగే.”

“నెల రోజుల పని నీళ్ళపాలు చేశావు కదమ్మా.”

“చేశాను.”

కూతురికి కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి.

“ఇప్పుడు ఇది ఎందుకు చిక్కలేదో ఏమని రాయను?”

తల్లి ముద్ద కలిపి ఆమె నోటి దగ్గర పెట్టింది.

“దాని దగ్గరికీ వాళ్ళమ్మ వచ్చిందని రాయి.”